రొమ్ములో గట్టి గడ్డ, మానని పుండు: గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఈ జబ్బు 33వ ఏట వచ్చింది. అప్పటికి మా రెండోవాడు పాలు మానేసి ఏడాదిన్నర. పూర్తిగా తగ్గడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా నంబరు తీసుకుని ఫోన్ చేసిన ఆడవాళ్ళు, వాళ్ళ అమ్మలు, భర్తలు అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాదు, స్కూల్ టీచర్ని. ఇక్కడి వైద్య విషయాలు నాకు వైద్యం చేసిన సర్జన్, పాథాలజిస్టు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పినవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి.

అక్కా, ముందు ఒక్క మాట చెప్పండి. ఇది క్యాన్సరా?

కాదమ్మా. బయాప్సీలో, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని తేలితే అది క్యాన్సర్ కాదు. ముందు ముందు క్యాన్సర్‌గా మారుతుందని చెప్పడానికి ఆధారమూ లేదు. ప్రాణం తీసే జబ్బు కాదు, కానీ నెలల తరబడి ఏడిపించే జబ్బు.

అయితే ఈ మాట బయాప్సీ రిపోర్టు వచ్చాకే చెప్పగలం. చేత్తో తడిమి చూసి "ఏం లేదులే, వాపే" అన్నారని ఇంటికి వెళ్ళిపోవద్దు. చూడగానే "క్యాన్సర్‌లా ఉంది" అన్నారని ఆ రాత్రంతా పిల్లల్ని పట్టుకుని ఏడవనూ వద్దు. నేను ఏడ్చాను. రిపోర్టు రావడానికి పట్టిన ఆ వారం రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

క్యాన్సర్ కాకపోతే డాక్టర్లే ఎందుకు అంత అనుమానపడతారు?

బయటికి రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి. గడ్డ రాయిలా గట్టిగా ఉంటుంది, అంచులు సరిగ్గా తెలియవు. చనుమొన లోపలికి లాక్కుపోవచ్చు. చర్మం ఎర్రబడి, ఉబ్బి, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా మారవచ్చు. చంకలో బిళ్ళలు తగలవచ్చు. క్యాన్సర్‌కి పుస్తకాల్లో చెప్పే గుర్తులూ ఇవే. రొమ్ము మొత్తం ఎర్రబడి కొద్ది వారాల్లోనే ఉబ్బిపోయే ఒక రకం క్యాన్సర్ కూడా ఉంది. దాన్ని చీము గడ్డ అనుకుని యాంటీబయాటిక్స్‌తో కాలం గడిపితే చాలా నష్టం. అందుకే అనుమానపడే డాక్టరే మంచి డాక్టరు.

స్కాన్ రిపోర్టులో "బైరాడ్స్ 4" అని చూసి చాలామంది ఫోన్లోనే ఏడ్చేస్తారు. ఆ అంకెను క్యాన్సర్ నాలుగో స్టేజీ అనుకుంటారు. దానికీ స్టేజీకీ ఏ సంబంధం లేదు. స్కాన్ తీసిన డాక్టరు తన అనుమానం ఎంతో చెప్పడానికి వేసే గుర్తు అది. 4 అంటే "అనుమానంగా ఉంది, ముక్క తీసి పరీక్ష చేయాలి" అని అర్థం. 5 అంటే అనుమానం బాగా బలంగా ఉందని. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి 4 రావడం మామూలే, 5 కూడా రావచ్చు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, చివరికి ఎమ్మారై కూడా ఈ జబ్బునీ క్యాన్సర్‌నీ ఖాయంగా విడదీసి చెప్పలేవు. ఆ పని బయాప్సీదే.

అసలు ఇదేం జబ్బు? పేరు పలకడానికి నోరు తిరగడం లేదు.

పూర్తి పేరు ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. మాస్టైటిస్ అంటే రొమ్ము వాపు. ఇడియోపతిక్ అంటే కారణం ఇదీ అని తేలనిది. ఇక మధ్యలో ఉన్న మాటే అసలు సంగతి. ఒంట్లో ఏదైనా మింగుడుపడని వస్తువు చేరితే రక్షణ కణాలు దాని చుట్టూ గుంపు కట్టి గోడలా నిలబడతాయి. మైక్రోస్కోప్ కింద కనబడే ఆ కణాల ముద్దనే గ్రాన్యులోమా అంటారు. ఈ జబ్బులో అలాంటి ముద్దలు రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న తిత్తుల చుట్టూ ఏర్పడతాయి. అవి పెరిగి, కలిసి, గడ్డ అవుతాయి. మధ్యలో చీము చేరుతుంది. ఆ చీము దారి వెతుక్కుంటూ చర్మం దాకా వచ్చి పగులుతుంది.

దీన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించింది 1972లో. కెస్లర్, వోలోక్ అనే ఇద్దరు వైద్యులు తమ వ్యాసం శీర్షికలోనే ఇది క్యాన్సర్‌లా కనబడుతుందని రాశారు. అంటే వైద్యశాస్త్రంలో దీని వయసు నిండా అరవై ఏళ్ళు లేదు. మీ ఊళ్ళో డాక్టరు దీన్ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. అందులో ఆయన తప్పేం లేదు. తెలియనప్పుడు పెద్ద ఆసుపత్రికి రాసి పంపితే చాలు.

ఎవరికి వస్తుంది? నేనేం తప్పు చేశాను?

మీరేం తప్పు చేయలేదు. బ్రా బిగుతుగా వేసుకున్నందుకో, బిడ్డకి పాలు సరిగ్గా పట్టనందుకో, పాలు త్వరగా మాన్పించినందుకో ఇది రాదు. దిష్టి తగిలీ రాదు. మా అత్తగారు పాపం మూడు వారాలు ఉప్పు, మిరపకాయలు తిప్పి పోశారు. ఆమెకి తెలిసిన ప్రేమ అది, నేను కాదనలేదు. కానీ ఆ మూడు వారాలూ స్కాన్‌కి వెళ్ళకుండా గడిచిపోయాయి.

ఎక్కువగా వచ్చేది 20 నుంచి 45 ఏళ్ళలోపు, పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి. ముఖ్యంగా చివరి కాన్పు, పాలివ్వడం అయిన ఐదారేళ్ళలోపు. మగవాళ్ళకి రావడం చాలా చాలా అరుదు. టర్కీ, ఇరాన్, అరబ్ దేశాలు, మన దేశం, చైనా, లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్ళలో కేసులు ఎక్కువ కనబడుతున్నాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళల్లో ఒక్కసారిగా కొన్ని కేసులు బయటపడితే అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆరా తీసి 2009లో నివేదిక ఇచ్చింది. అమెరికాలో ఉంటున్న మన అమ్మాయిలు కూడా నాకు ఫోన్ చేస్తుంటారు. అక్కడి డాక్టర్లకి కూడా ఇది అరుదే, వాళ్ళూ తడబడతారు.

కారణాల గురించి నడుస్తున్న ఆలోచనలు కొన్ని ఉన్నాయి. పాల తిత్తుల నుంచి లీకైన పాలను శరీరం శత్రువుగా భావించి దాడి చేస్తుందని ఒకటి. కొరినెబాక్టీరియం క్రాపెన్‌స్టెడ్టై అనే బాక్టీరియా పాత్ర ఉందని ఇంకొకటి. ఈ బాక్టీరియాని మొదట 1998లో వర్ణించారు, 2002లో న్యూజిలాండ్ వైద్యులు దీనికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని చూపించారు. కొవ్వు ఉంటేనే పెరిగే రకం అది, రొమ్ములో కొవ్వుకి కొదవ లేదు. మూడోది ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం.

మా అమ్మాయికి ఇంకా పెళ్ళే కాలేదు. తనకెలా వచ్చింది?

అరుదే కానీ వస్తుంది. అలాంటప్పుడు మొదట చేయించాల్సింది ప్రొలాక్టిన్ రక్త పరీక్ష. ప్రొలాక్టిన్ అంటే పాలు పడేలా చేసే హార్మోన్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా పెరుగుతుంది, కొన్ని మందుల వల్లా పెరుగుతుంది. మానసిక సమస్యలకి ఇచ్చే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటివి అందరికీ తెలిసినవే. చాలామందికి తెలియనివి గ్యాస్ మాత్రలు. మన దగ్గర కడుపు మంటకి, గ్యాస్‌కి ఇచ్చే చాలా మాత్రల్లో అసలు మందుతో పాటు డోంపెరిడోన్ గానీ లెవోసల్‌పిరైడ్ గానీ కలిసి ఉంటుంది. ఈ రెండూ ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. అందరూ పరగడుపున వేసుకుంటున్నారు కదా అని నెలల తరబడి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని వాడేవాళ్ళు ఎందరో. స్ట్రిప్పు వెనక సన్నక్షరాల్లో ఏముందో చదవండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి.

మానసిక వైద్యుడు రాసిన మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు. ఆయనతో మాట్లాడితే వేరే మందుకి మారుస్తారు. ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించే కాబెర్గోలిన్ లాంటి మాత్రలు ఉన్నాయి.

పాలు కట్టుకుపోవడానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

బాలింతకి పాలు కట్టుకుపోతే జ్వరం, చలి, నొప్పి ఒక్కసారిగా వస్తాయి. బిడ్డ తాగితేనో, పాలు పిండితేనో, సరైన యాంటీబయాటిక్ పడితేనో రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఈ జబ్బు చాలావరకు పాలు మానేశాక ఎప్పుడో మొదలవుతుంది. జ్వరం ఉండకపోవచ్చు. ఒక కోర్సు యాంటీబయాటిక్, ఇంకో కోర్సు, మరో రకం, ఇలా మార్చి మార్చి వాడినా గడ్డ అలాగే ఉంటుంది. రెండు వారాల మందుకి తగ్గని రొమ్ము గడ్డకి మూడో యాంటీబయాటిక్ కన్నా స్కాన్, బయాప్సీ ముఖ్యం.

బయాప్సీ ఎలా చేస్తారు? సన్నసూది పరీక్ష చేశారు, అది చాలదా?

చాలదు. ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ జవాబొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సన్నసూది పరీక్షలో కొన్ని కణాలు మాత్రమే వస్తాయి. గ్రాన్యులోమా ఉందని తెలియవచ్చు, కానీ అది ఏ రకమో, ఎక్కడ ఏర్పడిందో తెలియదు. కావలసింది కోర్ బయాప్సీ. ఆ చోట మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, కాస్త లావు సూదితో పుల్లల్లాంటి సన్నటి ముక్కలు నాలుగైదు తీస్తారు. టక్కుమని చప్పుడవుతుంది, దానికే ఉలిక్కిపడతాం, నొప్పి పెద్దగా ఉండదు. అదే రోజు ఇంటికి రావచ్చు.

ఆ ముక్కలు రెండు సీసాల్లోకి వెళ్ళాలి. ఒక సీసాలో ఫార్మలిన్ ఉంటుంది, ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం అది. అందులో వేసిన ముక్కని పాథాలజిస్టు మైక్రోస్కోప్ కింద చూసి క్యాన్సర్ ఉందా లేదా, గ్రాన్యులోమా ఎలాంటిది అన్నది చెబుతారు. రెండో సీసాలో ఉత్త సెలైన్ ఉండాలి. ఆ ముక్క క్రిముల్ని పరీక్షించే మైక్రోబయాలజీ ల్యాబుకి వెళ్ళాలి: టీబీ కల్చర్ (కల్చర్ అంటే ముక్కలోని క్రిముల్ని పెంచి చూడటం), టీబీ క్రిమి జన్యువుని త్వరగా పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష, మామూలు బాక్టీరియా కల్చర్, ఫంగస్ కల్చర్. ఫార్మలిన్ తగిలితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్‌లో ఏదీ పెరగదు. మొత్తం ముక్కలన్నీ ఫార్మలిన్‌లో పడేస్తే "టీబీనా, కాదా" అన్న ప్రశ్నకి జవాబు చెప్పే అవకాశం సగం పోయినట్టే, మళ్ళీ సూది గుచ్చాల్సి వస్తుంది. నాకు మొదటిసారి జరిగింది ఇదే. పట్టణంలోని ఒక ఆసుపత్రిలో ఒకే సీసా పంపారు. నాకు అడగాలని తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు, సూది గుచ్చక ముందే నర్సమ్మని అడగండి: "కల్చర్‌కి సెలైన్ సీసా వేరే పెట్టారా అండీ?"

ఇంకో మాట. ముందు చెప్పిన కొరినెబాక్టీరియం మెల్లగా పెరుగుతుంది. మామూలుగా రెండు రోజులకే "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు ఇచ్చేస్తే అది దొరకదు. దాన్ని అనుమానిస్తున్నామని, కల్చర్ ఎక్కువ రోజులు ఉంచమని డాక్టరు ల్యాబుకి రాసి పంపాలి.

పాథాలజీ వాళ్ళు మీ ముక్కని మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. రిపోర్టు మీద సందేహం ఉంటే బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని పెద్ద ఆసుపత్రిలో ఇంకొకరికి చూపించుకోవచ్చు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మా బంధువులు భయపెడుతున్నారు.

ఆ భయం మన ఇళ్ళలో చాలా లోతుగా ఉంది. కోర్ బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకి ప్రాణం మీదికి రావడం అన్నది నిజం కాదు. ప్రపంచమంతటా రొమ్ము గడ్డకి వైద్యం మొదలుపెట్టే ముందు చేసే పరీక్ష అదే. బయాప్సీ లేకుండా పెద్ద ఆపరేషన్‌కి తొందరపెడితే అప్పుడు భయపడండి.

రిపోర్టులో గ్రాన్యులోమా అని ఉంది. ఆరు నెలలు టీబీ మాత్రలు వేసుకోమన్నారు. వేసుకోవాలా?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. నేనూ ఇలాగే నాలుగు నెలలు మింగాను.

టీబీలోనూ గ్రాన్యులోమాలు ఏర్పడతాయి. రొమ్ముకి టీబీ వస్తుందని లండన్ సర్జన్ సర్ ఆస్ట్లీ కూపర్ 1829లోనే రాశారు. ప్రపంచంలో టీబీ రోగులు అందరికన్నా ఎక్కువ ఉన్నది మన దేశంలో. కాబట్టి డాక్టరుకి మొదట టీబీ తట్టడం సబబే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ ఒక్క మాట చూసి ఇంకే పరీక్షా చేయకుండా మాత్రలు రాసేయడంలో. మైక్రోస్కోప్ కింద తేడాలు కనబడతాయి. టీబీ గ్రాన్యులోమా మధ్యలో కణాలు చచ్చి జున్నుముక్కలా పిండిపిండిగా అవుతాయి. మన జబ్బులో సాధారణంగా అలా ఉండదు, ముద్దలు పాల తిత్తుల్ని అంటిపెట్టుకుని ఉంటాయి, చుట్టూ చీము కణాలు ఉంటాయి. కానీ ఈ తేడా ప్రతిసారీ స్పష్టంగా ఉండదు. అందుకే రెండో సీసా అంత ముఖ్యం. కల్చర్ ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, సీబీనాట్ ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. రొమ్ము టీబీలో క్రిములు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఒక్క పరీక్ష నెగటివ్ వస్తే టీబీ లేనట్టే అని కూడా అనలేం. ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, బరువు తగ్గారా, సాయంత్రం జ్వరం వస్తోందా అన్నవన్నీ కలిపి చూసి డాక్టరు తేల్చాలి. చేతి చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ పరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన రొమ్ములో ఉన్నది టీబీ అని కాదు. మన దేశంలో చాలామంది పెద్దలకి అది పాజిటివే వస్తుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రెండువైపులా నష్టముంది. టీబీ ఉన్న మనిషికి మన జబ్బుకి వాడే స్టెరాయిడ్ ఇస్తే టీబీ విజృంభిస్తుంది. టీబీ లేని మనిషికి ఆరు నెలలు ఆ మందులిస్తే కాలేయం మీద భారం, వాటిలో ఒకటైన ఎథాంబ్యుటాల్ వల్ల కంటిచూపుకి ఇబ్బంది రావచ్చు, పైగా ఊళ్ళో టీబీ మనిషి అన్న ముద్ర.

"టీబీ మందులతోనే మా పిన్నికి తగ్గింది కదా" అంటారు కొందరు. తగ్గవచ్చు. ఈ జబ్బు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. పైగా టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఆ కొరినెబాక్టీరియం మీద కూడా పనిచేస్తుంది. తగ్గింది కాబట్టి అది టీబీయే అని చెప్పలేం.

ఇప్పటికే టీబీ మందులు వాడుతుంటే ఇది చదివి ఆపేయకండి, దయచేసి. పరీక్షలో టీబీ అని తేలినవాళ్ళు ఒక్క రోజు కూడా మానకుండా పూర్తి చేయాల్సిందే. అనుమానం ఉంటే రిపోర్టులన్నీ పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నాకూ డాక్టర్లు రెండో బయాప్సీ, కల్చర్ చూశాకే ఆపమన్నారు.

చీము పట్టింది. కోసి తీసేస్తే పోదా?

మామూలు సెగగడ్డ అయితే కోసి చీము తీస్తే మానిపోతుంది. ఇక్కడ అలా కాదు. కోసిన చోట పుండు మానదు, రసి కారుతూనే ఉంటుంది, పక్కన ఇంకో చోట ఉబ్బుతుంది, అదీ కోస్తారు. నాకు మూడు నెలల్లో రెండుసార్లు కోశారు. ఆ రెండు మచ్చలూ ఇప్పటికీ ఉన్నాయి.

చీము ఎక్కువై, చర్మం మెరుస్తూ పగిలేలా ఉంటే తీయక తప్పదు. అప్పుడు కూడా వీలైనంత వరకు స్కాన్‌లో చూస్తూ సూదితో లాగేయమని అడగండి, కావాలంటే మళ్ళీ రెండు రోజులకి లాగవచ్చు. ఆ చీమునీ కల్చర్‌కి పంపించాలి.

గడ్డ మొత్తాన్ని చుట్టూ ఉన్న భాగంతో సహా తీసేసే ఆపరేషన్ ఒకప్పుడు ఎక్కువగా చేసేవారు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు దాన్ని చివరికి ఉంచుతున్నారు. మందులకి లొంగనప్పుడు, పదే పదే వచ్చే పుండు ఒకే చోట ఉన్నప్పుడు అది ఉపయోగపడుతుంది. ఈ జబ్బుకి రొమ్ము మొత్తం తీసేయాలని ఎవరైనా అంటే, ఇంకో ఇద్దరు డాక్టర్ల మాట వినకుండా ఒప్పుకోకండి.

మరి వైద్యం ఏమిటి?

ఒకే దారి లేదు, అందుకే ఒక్కో డాక్టరు ఒక్కోటి చెబుతారు. జబ్బు చిన్నదై, నొప్పి తక్కువగా ఉంటే ఏ మందూ లేకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యమే. నొప్పి మాత్ర వేసుకుంటూ, నెలకోసారి స్కాన్ చేయించుకుంటూ ఉంటే చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు దానంతటదే కరిగిపోతుంది. "ఏమీ ఇవ్వకుండా పంపేశారు" అని కోపం తెచ్చుకోకండి.

బాధ ఎక్కువగా ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, ప్రెడ్నిసొలోన్ లాంటివి. ఈ జబ్బుకి వీటిని వాడటం 1980లో మొదలైంది. చాలామందిలో బాగా పనిచేస్తాయి, నాకు మూడో వారానికే గడ్డ సగమైంది. కానీ ఊరికే రాదు ఆ మేలు. ఆకలి విపరీతంగా వేసి బరువు పెరుగుతాం, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, చిన్నమాటకి కోపం, ఏడుపు వస్తాయి. షుగరు, బీపీ పెరగవచ్చు. ఇంట్లో షుగరు చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బీ లేవని చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి పడుకుని ఉంటుంది. అది మళ్ళీ లేచేదాకా మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తగ్గించేటప్పుడు గడ్డ మళ్ళీ తలెత్తడం కొందరిలో జరుగుతుంది. అదే ఈ మందుతో ఉన్న పెద్ద చిక్కు.

మాత్రల దుష్ప్రభావాలు తప్పించడానికి కొన్నిచోట్ల స్టెరాయిడ్‌ని గడ్డలోకే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు, పైన చర్మానికి ఆయింట్‌మెంట్ రాయిస్తున్నారు. మీ డాక్టరుని ఆ సంగతి అడిగి చూడండి.

స్టెరాయిడ్ పడనివాళ్ళకి, ఆపగానే తిరగబెట్టేవాళ్ళకి మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఇది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. ప్రతి ఆదివారమో, గురువారమో ఒక రోజు పెట్టుకుని క్యాలెండర్లో రాసుకోండి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దీంతో ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, మధ్య మధ్య రక్త పరీక్ష, లివర్ పరీక్ష చేయిస్తారు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ఈ మందు అసలు పనికిరాదు.

కల్చర్‌లో కొరినెబాక్టీరియం దొరికితే డాక్సీసైక్లిన్, క్లారిత్రోమైసిన్ లాంటి, కొవ్వులోకి బాగా చొచ్చుకుపోయే యాంటీబయాటిక్స్ వారాల తరబడి వాడాల్సి రావచ్చు.

కాళ్ళ మీద ఎర్రటి గడ్డలు లేచాయి, కీళ్ళు పట్టేశాయి. చికున్‌గున్యానా?

ఈ జబ్బుతో పాటే కొందరికి మోకాలి కింద ముందువైపు నొప్పిగా ఉండే ఎర్రటి బుడిపెలు వస్తాయి, మడమలు, మోకాళ్ళు వాస్తాయి. డాక్టరుకి చూపించండి, రొమ్ము సంగతి కూడా చెప్పండి. జ్వరాల డాక్టరుకి కాళ్ళు, సర్జన్‌కి రొమ్ము చూపించి ఊరుకుంటే ఇద్దరికీ సగం సగమే తెలుస్తుంది.

పథ్యం ఏమైనా ఉందా? వంకాయ, గోంగూర, మాంసం తింటే చీము పడుతుందంటున్నారు.

వంకాయకీ చీముకీ సంబంధం లేదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, చేప, చికెన్, పాలు, పెరుగు, ఏది మీ ఇంట్లో అలవాటైతే అది కడుపునిండా తినండి. పత్తెం పేరుతో చారన్నంతో సరిపెట్టిన అమ్మాయిల పుండ్లు ఇంకా ఆలస్యంగా మానడం చూశాను. స్టెరాయిడ్ వాడుతున్నంత కాలం మాత్రం ఉప్పు, తీపి తగ్గించాలి. మన ఇళ్ళలో ఆవకాయ, అప్పడాల్లోంచి కూడా ఉప్పు బాగా వస్తుంది, అక్కడ చెయ్యి వెనక్కి తీసుకోండి.

పసుపు ముద్దలు, ఆకు పసర్లు పగిలిన చోట పెట్టకండి. వేడి కాపడం కూడా వద్దు, చర్మం కాలుతుంది.

రసి కారుతూనే ఉంది. ఉద్యోగానికి వెళ్ళేదెలా?

నేను వెళ్ళాను. మెడికల్ షాపులో దొరికే గాజుగుడ్డ మడిచి పెట్టి, దాని మీద సగానికి కత్తిరించిన శానిటరీ ప్యాడ్ పెట్టుకునేదాన్ని. అది రసి పీల్చుకుంటుంది, జాకెట్టు తడవదు. వదులుగా ఉండే కాటన్ బ్రా, కాస్త ముదురు రంగు బట్టలు. రోజుకి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, మరిగించి చల్లార్చిన నీళ్ళతోనో సెలైన్‌తోనో శుభ్రం చేసి మార్చాలి. స్నానం మానక్కర్లేదు. బస్సులో ఆ వైపు సంచి పెట్టుకుని కూర్చుంటే ఎవరూ తగలరు.

ఒక్కసారిగా చలిజ్వరం వచ్చినా, ఎరుపు గంటల్లో పాకిపోతున్నా డ్రెస్సింగ్ మార్చి ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

అంటువ్యాధా? మా ఆవిడ పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదు, నాతోనూ మాట్లాడటం లేదు.

అంటుకోదు, తమ్ముడూ. పిల్లలు పక్కలో పడుకోవచ్చు, మీరు దగ్గరికి తీసుకోవచ్చు. ఆమె దూరం జరగడానికి కారణం వేరే ఉంటుంది. తన ఒంటినుంచి వాసన వస్తుందేమోనని, ఆ పుండు మీరు చూస్తే అసహ్యించుకుంటారేమోనని ఆమె భయం. నోటితో ధైర్యం చెప్పడం కన్నా డ్రెస్సింగ్ మార్చేటప్పుడు పక్కన కూర్చుని గాజుగుడ్డ అందివ్వండి. మా ఆయన ఆ పని చేసిన మొదటి రోజు నేను చాలా రోజుల తర్వాత నిద్రపోయాను. స్టెరాయిడ్ వాడుతుంటే ఆ చిరాకులో కొంత మందుదే అని గుర్తుంచుకోండి. అన్నం మానేసి, ఏ మాటా మాట్లాడకుండా రోజులు గడుస్తుంటే ఆ సంగతి డాక్టరుకి మీరే చెప్పాలి.

తగ్గాక మళ్ళీ వస్తుందా?

కొందరికి వస్తుంది, అదే వైపు గానీ రెండో వైపు గానీ. వస్తే మొదటిసారిలా ఏడాది తిరగాల్సిన పని లేదు, ఏమిటో తెలుసు కాబట్టి. కానీ కొత్త గడ్డ ప్రతిదీ "పాతదేలే" అనుకోకూడదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళకి క్యాన్సర్ రాదన్న హామీ ఏమీ లేదు, మిగతా ఆడవాళ్ళకి ఉన్నంత అవకాశం మనకీ ఉంది. కొత్త గడ్డకి కొత్త స్కాన్, డాక్టరు చెబితే మళ్ళీ బయాప్సీ. పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టుకోండి.

ఇంకో బిడ్డని కనవచ్చా? పాలివ్వవచ్చా?

కనవచ్చు. జబ్బు పూర్తిగా నెమ్మదించాక, మందులు ఆపాక ప్లాన్ చేసుకోవడం మంచిది. మెథోట్రెక్సేట్ వాడి ఉంటే ఆపాక మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు, ఎన్నాళ్ళో మీ డాక్టరుని అడగండి. అది వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి. గర్భంతోనో, కాన్పయ్యాకో గడ్డ మళ్ళీ కనబడవచ్చు, అందుకే గర్భం రాగానే గైనకాలజిస్టుకి ఈ చరిత్ర చెప్పాలి.

పాలివ్వడం విషయంలో చాలామంది రెండో వైపు నుంచి హాయిగా ఇస్తారు. ఒక్క రొమ్ము పాలతోనూ బిడ్డ పెరుగుతుంది. జబ్బు వచ్చిన వైపు మచ్చల వల్ల కొన్ని పాల నాళాలు మూసుకుపోయి ఉండవచ్చు, ఆ వైపు పాలు తక్కువ పడవచ్చు. అక్కడ పుండు తెరిచి ఉన్నా, మందులు నడుస్తున్నా, ఏ వైపు ఇవ్వాలో, ఏ మందుతో ఇవ్వకూడదో పిల్లల డాక్టరునీ సర్జన్‌నీ ఇద్దరినీ అడగండి. నాతో పాటే వైద్యం చేయించుకున్న ఒక చెల్లికి పోయినేడాది పాప పుట్టింది. కుడివైపు పాలతోనే పెంచుతోంది.